కండెలు అక్కర్లేని మగ్గాలు

సిరిసిల్లలో నర్మద, లక్ష్మీరాజం కాపురం చేసింది ఇంట్లో కాదు, మరమగ్గాల షెడ్డులో. ఇంట్లో ఆయన నోట్లో నాలుక లేని మనిషి. షెడ్డులో ఆ మోతకు మాట వినబడదు కనుక అందరిలాగే చేతులతో మాట్లాడేవాడు. మగ్గాల దగ్గర ఆయన, గోడవార కండెలకు నూలు చుడుతూ ఆమె. చెవి పట్టుకుంటే తప్పయిందని, రెండు వేళ్లు పెదాలకు ఆనిస్తే చాయ్ తాగుదామని. పద్దెనిమిదేళ్ల కొట్లాటలూ ముచ్చట్లూ అన్నీ అక్కడే.

తర్వాత గిరాకీ పడిపోయింది. జనం చేతిలో పైసలాడక దేశమంతటా బట్ట కొనేవాళ్లు తగ్గారట. మూలిగే నక్క మీద తాటిపండన్నట్టు కొత్త పన్నులు, కాగితాలు. సేటు శ్యాంసుందర్ ఇరవై నాలుగు పాత మగ్గాలను తుక్కుకు వేసి, సర్కారు సబ్సిడీతో ఎనిమిది కొత్తవి దింపాడు. నడపడానికి లక్ష్మీరాజం ఒక్కడే చాలు. కొత్త మగ్గానికి పోగును అటూ ఇటూ మోసే నాడె లేదు, నాడె లేదు కనుక అందులో పెట్టే కండె లేదు. కండె లేనిచోట నర్మదతో పనేముంది?

నెల రోజులు ఇంట్లో కూర్చుంది. ఆయన వచ్చేవాడు, తినేవాడు, పడుకునేవాడు. ఆమెకు మొగుడి మీద బెంగ పట్టుకుంది. పక్కనే ఉన్నవాడి మీద బెంగేమిటని నవ్వకండి, పట్టుకుంది అంతే. చివరికి సేటు దగ్గరికి పోయింది.

"ఊడ్చే పనొక్కటే ఉన్నది నర్మదా. సగం కూలే వస్తది."

"సగమే ఇయ్యి సేటూ."

సంగతి వినగానే లక్ష్మీరాజం కంచం ముందు నుంచి లేచాడు. "కండెలు చుట్టినదానివి చీపురు పడ్తవా? మనకేం తక్కువైందే?"

"నువ్వే తక్కువైనవ్. ఇంట్ల నాతోని మాట్లాడవు. ఆడనన్న మాట్లాడ్తవ్."

ఆయన మళ్లీ కూర్చుని కంచం దగ్గరికి లాక్కున్నాడు.

మర్నాడు ఆమె తలంటుకుని మరీ పోయింది. మగ్గాల కింద నూలు పీచు ఊడుస్తూ ఆయన ఎప్పుడు తలెత్తుతాడా అని చూసింది. పోగు తెగిన మగ్గం మీద ఎర్ర బుగ్గ వెలుగుతుంది, ఆయన ఉరకాలి. మూడో మగ్గం నుంచి ఏడోదానికి, అక్కణ్నుంచి ఒకటోదానికి. మధ్యాహ్నం దాటాక ఒక్కసారి ఆగి ఆమె వైపు చూశాడు. నర్మద చీపురు చంకలో పెట్టుకుని చేతులెత్తింది. అంతలో ఐదో మగ్గం మీద బుగ్గ వెలిగింది. ఆయన ఉరికాడు.

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే, ఎన్నడూ లేంది, ఆయనే అడిగాడు. "ఏందో చెప్పబోయినవ్ గదా. ఏంది?"

"ఏం లే," అంది నర్మద. "గప్పుడు చెప్పాలనిపించింది. గిప్పుడు లేదు."