కలుపుకి కాపలా

స్కూలు బస్సు నడిపి రిటైరైన ఆడదాన్ని. వెనక సీట్లో ఎవడు ఎవడి జుట్టు లాగుతున్నాడో అద్దం చూడకుండానే చెప్పేదాన్ని. అలాంటి నా కళ్ళు గప్పి, క్లైవ్ రండల్ అనే పళ్ళ డాక్టరు మా అడవిలో ఒక మొక్కను చలికాలమంతా దాచిపెట్టాడు. అదీ నేను పెట్టిన రూలు ప్రకారమే దాచాడు. అందుకే అతన్ని తిట్టాలో నన్ను నేను తిట్టుకోవాలో తేలక, ఇప్పటికీ ఇద్దర్నీ తిడుతుంటాను.

మా అడవి అంటే మహారణ్యమేం కాదు. ఆస్ట్రేలియాలో పెర్త్ ఊరు కొండ ఎక్కే చోట, ఇళ్ళ పెరళ్ళ వెనక మిగిలిపోయిన ముక్క. వాండూ చెట్లు, బాంక్సియాలు, నేల మీద కూర్చున్నట్టుండే గడ్డిచెట్లు. ఆదివారం పొద్దున్నే మేం కొందరం మోకాళ్ళ మీద కూర్చుని అందులో కలుపు తీస్తాం. జీతం లేదు, టీ మాత్రం ఉంది. మెర్ల్ హన్నఫర్డ్ అనే నన్ను అందరూ బాస్ అంటారు. ఎదురుగా ఉన్నప్పుడు మర్యాదకే అంటారు. వెనకాల ఎందుకంటారో కూడా నాకు తెలుసు.

మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళు మొదటి ఏడాది ఒక్క కలుపునే పీకాలి. దాని ఆకు, వేరు, వాసన వంటబట్టేదాకా ఇంకో మొక్క జోలికి పోకూడదు. అప్పటిదాకా చేతిలో ఉండేది అరువు కత్తి. నమ్మకం కుదిరాక సొంత కత్తి ఇస్తాం. పొదల్లో పడితే కనబడాలని దాని పిడికి ఎర్ర టేపు నేనే చుట్టి ఇస్తాను. ఎర్ర టేపు కత్తి నడుముకి వేలాడుతోందంటే మా వాళ్ళలో అదొక హోదా.

క్లైవ్‌కి వెల్ట్ గడ్డి పీకమని ఒప్పజెప్పాం. మనిషి మంచివాడు, సన్నగా, శుభ్రంగా, చొక్కా మడత నలగకుండా వచ్చేవాడు. చెయ్యి మాత్రం జీవితమంతా పళ్ళు పీకిన చెయ్యి. ముందు పీకుతుంది, తర్వాత చూస్తుంది. చేరిన నెలలోనే సంచీ నిండా గడ్డి పీకి తెచ్చి, చంటిపిల్లాడు బొమ్మ చూపించినట్టు చూపించాడు. సంచీ తిరగేసి చూద్దును కదా, సగం గడ్డిచెట్టు పిల్లలే. మొదలు కట్టి నా మోకాలి ఎత్తు ఎదగడానికి ఒక మనిషి జీవితం పడుతుంది వాటికి. నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. అరువు కత్తి లాక్కుని, ఇక నుంచి టీ నువ్వు చూసుకో అన్నాను.

వేరేవాళ్ళయితే మొహం చాటేసేవాళ్ళు. అతను మరుసటి ఆదివారం కూడా వచ్చాడు. ఫ్లాస్కులు కడిగాడు, టీ పెట్టాడు. నిజం చెప్పొద్దూ, అంత మంచి టీ మా అడవిలో ఎన్నడూ తాగలేదు. ఏడాది తిరిగొచ్చింది. అందరూ టీ తాగి పనిలోకి వెళ్ళాక అతను ఒక్కడే వట్టి చేతులతో అడవి చుట్టూ తిరిగేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి వంగి నేలంతా చూసేవాడు. ఏం వెతుకుతున్నాడో మేం అడగలేదు.

జూన్‌లో, అంటే మాకు చలికాలం మొదట్లో, మా షెడ్డులో ఒక చిన్న తీగబోను కనబడకుండా పోయింది. కంగారూలూ కుందేళ్ళూ మేయకుండా లేత మొక్కల మీద బోర్లిస్తాం వాటిని. ఏ పెరట్లోనో టమాటాలకి పెట్టుకుని ఉంటారని ఊరందరినీ అనుమానించాను. జోర్కా నవ్వింది. జోర్కా మా గుంపులో నాతో సమానంగా నోరున్న ఏకైక మనిషి, ద్రాక్షతోటలున్న క్రొయేషియా వాళ్ళ ఇంటి ఆడపడుచు. బోను పోతే పోయింది, నీ బీపీ పెంచుకోకు అంది.

సెప్టెంబరు చివర్లో, మా వసంతంలో, మాకు పూల నడక ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు వస్తారు, మేం పువ్వులు చూపిస్తాం. దానికి ముందు ఆదివారం టీ కప్పు నా చేతికిస్తూ క్లైవ్ గొంతు తగ్గించాడు.

"బాస్, వచ్చే వారం నేనొకటి చూపిస్తా. ఆర్కిడ్. నేనే కనిపెట్టా."

"ఎక్కడ?"

"చెప్పకూడదు కదా. నువ్వే అన్నావు."

అన్నాను, నిజమే. ఆర్కిడ్ కనబడితే చోటు ఎవరికీ చెప్పొద్దని చేరిన రోజే అందరికీ చెబుతాను. కుండీల్లో పెట్టుకుందామని తవ్వుకుపోయే దొంగలున్నారు మరి. మొగుడికి చెప్పొద్దు, పెళ్ళానికి చెప్పొద్దు అంటాను. నాకు మాత్రం చెప్పండి అన్న ముక్క ఇన్నేళ్ళలో ఒక్కసారీ నోటితో అనలేదని ఆ రోజే తెలిసింది. ఇప్పుడు చెప్పమంటే నా పరువేం కాను? సరే, వచ్చే వారమే చూద్దాం అన్నాను.

అతను వెళ్ళబోయి ఆగాడు. "ఇది కూడా తప్పయితే ఇంక రానులే బాస్. మీకు పని పెంచడానికి రావడం దేనికి?"

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ మాట వారమంతా నా చెవిలోనే ఉండిపోయింది. అతను రాకపోతే టీకి ఇబ్బందని మొదట అనుకున్నాను. ఛ, టీ కాదు. ఆ మనిషి రాకపోతే నాకు బాగుండదు, అంతే.

నడక రోజు ఎండ బాగా కాసింది. వచ్చినవాళ్ళందరి చేతా దారి మొదట్లో బూట్ల అడుగులు బ్రష్షుతో రుద్దించాను. బూట్ల మట్టితో చెట్ల వేర్లకి తెగులొస్తుంది. తెల్లబూట్ల పెద్దమనిషి ఒకాయన మొహం ముడుచుకుంటే ఆయన చేత రెండుసార్లు రుద్దించాను. గూడు కట్టుకున్న మాగ్‌పై పిట్ట ఒకటి ఆయన టోపీ మీదికే రెండుసార్లు దూకింది. నేనేమీ నేర్పలేదు దానికి.

క్లైవ్ ముందు నడిచాడు. ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకుని, కొత్త పెళ్ళికొడుకులా ఉన్నాడు. బాంక్సియాల వెనక మేం ఎప్పుడూ పని చెయ్యని మూలకి తీసుకెళ్ళాడు. అక్కడ ఉంది మా బోను. బోనులో పువ్వు.

చూడగానే అదేమిటో పోల్చుకున్నాను. లావుపాటి కాడ, దాని చుట్టూ కిక్కిరిసిన గోధుమరంగు పువ్వులు. ఆర్కిడ్ అంటే ఆర్కిడ్డే. కాకపోతే దక్షిణాఫ్రికా నుంచి వచ్చి మా అడవుల మీద పడ్డ కలుపు ఆర్కిడ్. ఒక్క కాడ విత్తు కట్టిందంటే దుమ్ములా ఎగిరి గుట్టంతా పరుచుకుంటుంది. జోర్కా నా వంక చూసింది. నేను జోర్కా వంక చూశాను.

జనం మాత్రం ఫోటోలు తీసుకున్నారు. క్లైవ్ వాళ్ళకి కథంతా చెప్పాడు. ఆకులప్పుడే గుర్తుపట్టి బోను పెట్టిన సంగతి, కుందేళ్ళ గుర్తులు చూసి బోను అంచుల మీద రాళ్ళు పేర్చిన సంగతి, ప్రతి ఆదివారం వచ్చి పలకరించిన సంగతి. చెబుతూ మధ్యమధ్య నా మొహం చూస్తున్నాడు. ఒక్క మెచ్చుకోలు మాట కోసం చూస్తున్నాడని నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది.

కంగారూ పాదాల్లా ఉండే పూలు చూపించమని జోర్కాతో అందరినీ ముందుకి పంపేశాను. మేమిద్దరమే మిగిలాం. ఇలాంటివి నాన్చితే ఇంకా బాధ. చెప్పేశాను.

అతను టోపీ తీశాడు. ఆ పువ్వుకేసి చూసి, చిన్నగా నవ్వాడు. "కలుపుకి కాపలా కాశానన్నమాట. అదీ చలికాలమంతా."

"దీన్ని చూసి పెద్ద పెద్దవాళ్ళే మోసపోతారు, క్లైవ్."

"ఓదార్చకు బాస్. నీకు రాదు అది." టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "పీకెయ్. విత్తు రాకముందే పీకాలిగా. నా చెయ్యి మంచిది కాదు, నువ్వే పీకు."

రాళ్ళు పక్కకి నెట్టి బోను ఎత్తాను. మోకాళ్ళు వంచి కూర్చుని, నడుము నుంచి కత్తి తీసి, దుంపతో సహా రావాలని కాస్త ఎడంగా గురిపెట్టాను. నాకు ఒళ్ళు మండిపోతోంది, ఆ మొక్క మీదా, నా మీదా, ఆ రూలు మీదా. ఒక్క పోటు పొడిచి పెకిలించేద్దామని చెయ్యెత్తాను.

"ఆగు."

నా మణికట్టు పట్టుకున్నాడు. పొద్దున్నుంచీ అంత గట్టిగా మాట్లాడలేదు అతను. నా పక్కనే బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, కలుపు ఆకుల కిందికి చూశాడు. జీవితమంతా మనుషుల నోళ్ళలో చీకటి మూలలు వెతికిన కళ్ళు అవి.

"బాస్, ఈ ఆకు దానిది కాదు. దీనికి నూగుంది."

నేనూ పడుకున్నాను. ఈ వయసులో పడుకోవడం తేలిక, లేవడమే కష్టం. కలుపు ఆకుల చాటున సన్నగా, పొడుగ్గా ఒంటరి ఆకు. ఒళ్ళంతా తెల్లటి నూగు. దాని మధ్య నుంచి దారప్పోగంత కాడ, కాడ చివర ముడుచుకున్న మొగ్గ. నేను కత్తి దించబోయింది సరిగ్గా దాని పక్కనే.

సాలీడు ఆర్కిడ్, ఈ నేల సొంత పువ్వు. మా అడవిలో అది పోయిందని నేనే అందరికీ చెప్పాను. ఏటేటా మొగ్గ నేలమీదికి రాగానే కుందేళ్ళు కొరికేసేవి, చివరికి ఆకు కూడా కనబడకుండా పోయింది. ఇక లేదంటే లేదని కొట్టిపారేశాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా. ఇప్పుడు కలుపు మొక్క కోసం క్లైవ్ పెట్టిన బోనులో, క్లైవ్ పేర్చిన రాళ్ళ మధ్య, ఏ కుందేలూ ముట్టకుండా మొగ్గ వేసింది.

ముక్కు తుడుచుకుని, అది ఏమిటో చెప్పాను. క్లైవ్ దాన్నే చూస్తూ చెవుల దాకా ఎర్రబడ్డాడు.

కలుపు సంగతి ఇంకా మిగిలే ఉంది. దుంప లోపల వదిలేస్తే మళ్ళీ మొలుస్తుంది. నేను పొడిస్తే పక్కదాని వేరు కదులుతుంది. కత్తి అతని చేతిలో పెట్టాను.

"నీ పన్నే ఇది. దవడ కదలకూడదు."

నా వంక ఒకసారి చూశాడు. తర్వాత చూడలేదు. మట్టిని గోటితో గీకినట్టు కొద్దికొద్దిగా విడదీశాడు. ఊపిరి బిగబట్టి, కాడని అటూ ఇటూ మెల్లిగా సడలించి, దుంపలు రెండూ తెగకుండా బయటికి తీశాడు. నూగాకు మీద ఒక్క మట్టి రేణువు పడలేదు. గుంట మళ్ళీ పూడ్చి, అరచేత్తో అదిమి, బోను యథాస్థానంలో బోర్లించి, రాళ్ళు పేర్చాడు.

అప్పటికే జనం తిరిగొచ్చారు. పువ్వేదని తెల్లబూట్లాయన అడిగాడు. క్లైవ్ సంచీ ఎత్తి చూపించాడు. అది కలుపని, పొరపాటున కాపాడానని తనే చెప్పాడు. వాళ్ళు నవ్వారు. ఇంతకాలం గడ్డిపరకకి కాపలా కాసిన సిపాయని తెల్లబూట్లాయన ఎకసెక్కం ఆడాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బోనులో ఇంకా ఏముందో ఒక్క మాట అంటే చాలు, అందరి నోళ్ళూ మూతపడతాయి. నోరు తెరిచాను కూడా. క్లైవ్ నా వంక చూసి, కనబడీ కనబడకుండా తల అడ్డంగా ఊపాడు.

"మరి ఖాళీ బోను ఎందుకండీ అక్కడ?" అన్నాడాయన.

"మళ్ళీ మొలుస్తుందేమోనని. కలుపు కదా, నమ్మలేం," అన్నాడు క్లైవ్.

ఇంకాస్త నవ్వారు. అతనూ వాళ్ళతో కలిసి నవ్వాడు. అంత ఆనందంగా నవ్వులపాలైన మనిషిని నేనెక్కడా చూడలేదు.

అందరూ వెళ్ళాక షెడ్డులో కొత్త కత్తి తీసి, పిడికి ఎర్ర టేపు చుట్టాను. మొదటిసారి వంకరగా వచ్చింది, మళ్ళీ విప్పి చుట్టాను. ఎందుకో తెలియకపోయినా జోర్కా చప్పట్లు కొట్టింది. డాక్టరు గారికి కలుపు పట్టుకున్నందుకు బహుమానమా అని అడిగింది. అవునన్నాను. క్లైవ్ కత్తి నడుముకి తగిలించుకుని, తడిమి చూసుకుని, మరి ఇక టీ ఎవరు పెడతారని అడిగాడు. నేనే అన్నాను. జోర్కా దిగులుగా తన ఫ్లాస్కు వంక చూసుకుంది.

మరుసటి గురువారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"బాస్, విచ్చుకుంది."

నాకు తెలిసి కూడా అడిగాను, ఎక్కడ, ఏది అని.

"ఫోన్లో చెప్పకూడదు," అన్నాడు. "బూట్లు రుద్దుకుని రా."