మైసమ్మ మలుపు దగ్గర దండం

జిన్నారం రోడ్డు అప్పట్లో ఒక బండికే సరిపోయేది. ఎదురుగా మరొకటి వస్తే ఎవరో ఒకరు తారు దిగాలి. యాసిడ్ ట్యాంకరు నడిపే పెంటయ్య ఎన్నడూ దిగేవాడు కాదు. షిఫ్టుకు పరుగెత్తే మోటారుసైకిళ్ల వాళ్లే బురదలోకి దిగి, "ఏయ్ ముసలోడా, రోడ్డు నీ అయ్య జాగీరా?" అని తిట్టిపోయేవారు. అతను హారన్ మీద నుంచి చెయ్యి తీసేవాడు కాదు. భార్య పోయింది. క్లీనరును ఓనరు మాన్పించాడు. పొద్దస్తమానం అతని చెవిన పడే మనుషుల మాటలు ఆ తిట్లే.

మలుపులో కుడిపక్కన మైసమ్మ గుడి ఉంది. అక్కడికి రాగానే పెంటయ్య కుడిచెయ్యి నుదుటికి ఆనించి దండం పెట్టుకునేవాడు. ఒక ఉదయం ఎదురుగా రాజ్‌దూత్ మోటారుసైకిలు మీద వస్తున్న మనిషి, అది తనకే అనుకుని, చెయ్యెత్తి నవ్వాడు. మర్నాడూ అంతే.

పెంటయ్యకు మొదట నవ్వొచ్చింది. రాను రాను ఆ మలుపు వచ్చేలోపల ముందు అద్దం తుడుచుకోవడం మొదలుపెట్టాడు. రాజ్‌దూత్ కనబడగానే ఎడమ చక్రాలు మట్టిలోకి దించి దారి ఇచ్చేవాడు. దాని వెనక వచ్చేవాళ్లకూ ఇచ్చేవాడు. ఎవరినీ తిట్టాలనిపించేది కాదు. ఒక్కటే గుబులు. ఈ చెయ్యి లేస్తున్నది అమ్మ కోసమా, ఆ మనిషి కోసమా?

వానాకాలంలో ఒకరోజు ఆ మలుపులోనే గడ్డిలారీ దిగబడి బండ్లన్నీ నిలిచిపోయాయి. రాజ్‌దూత్ మనిషి బండి దిగి పెంటయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు.

"కాకా, నా పేరు నర్సింహ. రోజు దండం వెడ్తవు, నువ్వెవరో యాదికొస్తలేదు. ఇంట్ల సుత అడిగిన. మా అత్తగారి దిక్కు సుట్టమా ఏంది?"

అవునంటే చాలు, రేపు కూడా నర్సింహ చెయ్యి లేస్తుంది. కానీ అతని భుజం మీదుగా గుడి కనబడుతోంది.

"సుట్టాన్ని గాదు బిడ్డా. నీ ఎనుక అమ్మున్నది సూడు. నేను మొక్కేది ఆమెకు."

నర్సింహ వెనక్కి చూసి నాలుక కరుచుకున్నాడు. గబగబా చెంపలు వేసుకున్నాడు.

"వారీ! ఇన్నొద్దుల సంది మైసమ్మ దండాలన్నీ నేనే మింగుతున్ననా? జెర చెప్పొద్దా కాకా!"

పెంటయ్య ఏదో చెప్పబోయాడు. అంతలో దారి తెరుచుకుంది, వెనక హారన్లు మోగాయి, నర్సింహ నవ్వుకుంటూ పరుగెత్తాడు.

మర్నాడు నర్సింహ గుడి వైపు తల తిప్పి మొక్కుకున్నాడు. ట్యాంకరు వైపు చూడలేదు. ఆ మరునాడూ చూడలేదు.

'అమ్మా, నీకు ఇంత లోకం మొక్కుతది. గా ఒక్క దండం నాకుంటే నీకేం తక్కువైతుండె?' అని పెంటయ్య మనసులోనే అడిగాడు. అడిగినందుకు తప్పయిందని దండం పెట్టుకున్నాడు.

నర్సింహ వెనకే ఎవరో స్కూటరు మీద భార్యను కూర్చోబెట్టుకుని వస్తున్నాడు. పెంటయ్య చెయ్యి హారన్ మీదికి పోయింది. నొక్కలేదు. ఎడమ చక్రాలు మట్టిలోకి దించి ట్యాంకరు ఆపాడు. స్కూటరు ఇటు చూడకుండానే వెళ్లిపోయింది. అతను ఖాళీ రోడ్డును కాసేపు చూసి, గేరు వేశాడు.