ఏటి మీది గ్రంథాలయం

మా ఊళ్లో గ్రంథాలయాలు మూడున్నాయి. చదివేది నేనొక్కదాన్నే. మొదటిదాంట్లో ఊరి పెద్ద సవాట్ వెల్లుల్లి ఆరబెడతాడు. రెండోదాంట్లో గుడివాళ్లు పెళ్లిళ్లకీ చావులకీ వేసే ప్లాస్టిక్ కుర్చీలు పేర్చుకున్నారు. మూడోదాంట్లో కోళ్లు పెట్టుకున్నారు. మూడూ బ్యాంకాక్ నుంచి వచ్చిన కాలేజీ పిల్లల సేవాసంఘాలు కట్టినవే. గోడ మీద సంఘం పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. దాని కింద మా సవాట్ పేరు కూడా ఉంటుంది, మొహమాటానికి ఒక్క పిసరు చిన్నగా.

ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. సెలవుల్లో, మండే ఎండల్లో, ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని బస్సు దిగుతారు. ఇంటికి ఒకరిద్దరు చొప్పున పంచుకుంటాం. వారం తిరక్కుండానే అమ్మా, నాన్నా, అమ్మమ్మా అని నోరారా పిలుస్తారు. మా పులిసిన చేప తిని కడుపు పట్టుకుంటారు. వెళ్లేముందు మాచేత మణికట్లకి దీవెనగా తెల్లదారాలు కట్టించుకుని బావురుమంటారు. మళ్లీ ఏడాది బస్సులోంచి వేరే మొహాలు దిగుతాయి. పాత మొహాలు ఏమయ్యాయో ఎవరినడిగినా తెలియదు. దారం కట్టేటప్పుడల్లా ముడి మీద ముడి వేస్తూనే ఉంటాను. ముసలితనం అనుకుంటారు.

నాకు కావలసింది వంతెన. ఊరి చివర ఏరుంది. అవతలి ఒడ్డున మా చెల్లెలు బుప్ఫా ఉంటుంది. ఎండాకాలంలో ఏరు ఒట్టి ఇసుక. నడిచి వెళ్లి, అన్నం తిని, నడిచి వస్తాను. వానలు పడ్డాయంటే నాలుగు నెలలు నీళ్లు నడుముకి మించి పారతాయి. చుట్టుదారిన వెళ్లాలంటే పట్నం మీదుగా రెండు బస్సులు మారాలి. మా ఇద్దరి మోకాళ్లకీ ఆ బస్సుల మెట్లు ఎక్కే ఓపిక లేదు. ఫోన్ ఉంది గాని, బుప్ఫాకి చెవులు సరిగా వినపడవు. దాంట్లో మాట్లాడదు, అరుస్తుంది.

మూడేళ్ల కిందట వానల్లోనే ఆమె మొగుడు పోయాడు. అవతలి గుడి వెనక చితి నుంచి లేచిన పొగని నేను ఇవతలి గట్టు మీద నిలబడి చూశాను. ఆమెని పట్టుకుని ఏడవడానికి నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఆమె ఏడుపు అయిపోయింది. నాది మిగిలిపోయింది. ఇప్పుడు ప్రతి ఏడూ వానకాలం ముందు, ఈసారి పొగ ఏ ఒడ్డున లేస్తుందోనన్న భయం పట్టుకుంటుంది.

ఈ ఏడు వచ్చిన సంఘానికి అధ్యక్షురాలు ఖిమ్ అనే అమ్మాయి. చురుకైనది. వాటాల్లో నా ఇంటికే వచ్చింది. మొదటి సాయంత్రం జిగురన్నం ముద్దలు చేసి పెడుతూ అడిగాను.

"తల్లీ, ఈసారి వంతెన కట్టిపెట్టకూడదూ?"

"ఎక్కడమ్మమ్మా?"

"ఏటి మీద."

"పొద్దున మేం బ్యాడ్మింటన్ ఆడామే, ఆ ఇసుక మీదా? నీళ్లేవీ?"

"వానల్లో వస్తాయి."

"వానల్లో మాకు పరీక్షలు కదా!" అంది, నీళ్లు వాళ్ల పరీక్షలు చూసుకుని రావాలన్నట్టు. "అదీగాక, ఈ ఏడు మా ప్రాంతంలోని సంఘాలన్నిటికీ 'చదువు' అనే అంశం ఇచ్చారు. పోయినేడు 'నీరు'. అప్పుడడిగుంటే బాగుండేది."

"పోయినేడు వచ్చినవాళ్లూ గ్రంథాలయమే కట్టారే?"

"వాళ్లది పక్క ప్రాంతం. వాళ్లకి పోయినేడు చదువు, ఈ ఏడు నీరు."

"అయితే ఈ ఏడు వాళ్లని రమ్మను."

"ఈ జిల్లా ఇప్పుడు మా కిందికొచ్చింది అమ్మమ్మా, వాళ్లు రాకూడదు."

నేను గిన్నె తీశాను. కానీ ఆ పిల్ల మొహంలోనూ దిగులుంది. చాప మీద వెల్లకిలా పడుకుని తనే మొదలెట్టింది.

"అసలు భయం అది కాదు. ప్రాంతీయ పోటీలో అన్ని సంఘాలూ గ్రంథాలయాలే చూపిస్తాయి. అన్నీ నాలుగు గోడలు, ఒక రేకు. జడ్జీలు మూడోదానికే నిద్రపోతారు. పోయినేడు మాకు ముందు మాట్లాడినవాడు వాళ్లని లేపి మరీ వేదిక దిగాడు."

"నాలుగు గోడలు ఉండాలని రూలా?"

"అంటే?"

"రెండు గోడలు పెట్టండి. పక్కలకి. అటూ ఇటూ ద్వారం. గాలి ఆడుతుంది, పుస్తకాలకి చెద పట్టదు."

ఖిమ్ లేచి కూర్చుంది.

"అలాంటిది ఎక్కడ కట్టాలి?"

"గాలి ఆడే చోట," అన్నాను గిన్నె తోముతూ. "ఏటి మీద బాగా ఆడుతుంది."

ఆ పిల్ల చాప మీద వేలితో రెండు గోడలు గీసి చూసుకుంది. తర్వాత ఒక్క కేకపెట్టి, పక్కింట్లో ఉన్న సంఘం కార్యదర్శిని పేరుపెట్టి పిలిచింది. ఆ రాత్రి నా ఇంట్లో వాళ్లందరూ చేరి నవ్వులూ చప్పట్లూ. 'వినూత్నం' అనే మాట అన్నిసార్లు నేను ఎప్పుడూ వినలేదు. వంతెన అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. నేనూ గుర్తు చేయలేదు.

పొద్దున్నే సవాట్ దగ్గరికి వెళ్లారు. నన్నూ లాక్కెళ్లారు.

"ఏట్లో గ్రంథాలయం ఏమిటత్తా, చేపలు చదువుతాయా?" అన్నాడు నావైపు చూసి.

"ఊళ్లోవాళ్లు చదివారా ఏమన్నా? చేపల్ని కూడా చూద్దాం."

"పెదనాన్నా," అంది ఖిమ్, "దేశంలో ఇంకెక్కడా ఇలాంటిది ఉండదు. పేపర్లో వేస్తారు. ఫోటోలో మీరు ఎక్కడ నిలబడాలో ఆలోచించుకోండి."

సవాట్ చాలాసేపు ఆలోచించాడు. ఏటి గురించి కాదని నాకు తెలుసు.

"పేరు పలక రెండు ఒడ్డులమీదా పెట్టాలి. అటునుంచి చూసేవాళ్లకీ నా పేరు కనపడాలి," అన్నాడు చివరికి.

ఏరు ఇరుకయ్యే వంపు దగ్గర పని మొదలెట్టారు. కరెంటు ఆఫీసువాళ్లు పారేసిన సిమెంటు స్తంభాలు పాతి, పైన దూలాలు, చెక్కలు, రేకు. పిల్లలు వరసగా నిలబడి ఒక్కో ఇటుకనీ పాటపాడుతూ చేతులు మార్చారు. ఒక ఇటుక చివరికి చేరేసరికి దాని పేరు మీద నలుగురు ఫోటోలు దిగేవారు. మధ్యాహ్నం వాళ్లు ఆటలకి వెళ్లాక ఊళ్లో మగాళ్లు మిగతా పని చేసేవారు. నేను రోజూ చెట్టు కింద కూర్చుని చూసేదాన్ని. అవతలి ఒడ్డున బుప్ఫా కూడా గొడుగు వేసుకుని కూర్చునేది.

"ఏం కడుతున్నారే?" అని అరిచేది.

"పుస్తకాల ఇల్లు!"

"నాకు చదువు రాదుగదా!"

"నడక వచ్చుగా, చాల్లే!"

చివరి రోజు ప్రాంతీయ కార్యదర్శి కారులో వచ్చాడు. పలకల మీది గుడ్డలు లాగారు. సాయంత్రం దారాలు కట్టే వేళ అందరూ ఏడుపు మొదలుపెట్టారు. ఖిమ్ చేతికి దారం కట్టి, చల్లగా ఉండమని, దారిలో ప్రమాదం లేకుండా ఇల్లు చేరమని అన్నాను. ఏడుపు ఆగలేదు.

"అమ్మమ్మా, ఒక్క నిమిషం," అన్నాడు కెమెరా కుర్రాడు. "మొహం మీద నీడ పడింది. మళ్లీ కట్టు. ఇందాకటిలాగే ఏడువు."

మళ్లీ కట్టాను. ఏడుపు రాలేదు. రెండోసారి ఏడవడం నాకు చేతకాదు. ఖిమ్‌కి మాత్రం వచ్చింది, ఈసారి ఇంకా బాగా. బస్సు కదిలింది. కిటికీల్లోంచి చేతులు. ఆ చేతుల్లో ఏది ఆమెదో ఆనవాలు పట్టలేకపోయాను.

తర్వాత వానలొచ్చాయి. ఏరు నిండింది. పొద్దున్నే అన్నం బుట్ట పట్టుకుని గ్రంథాలయం దగ్గరికి వెళ్లాను. తలుపుకి గుప్పెడంత తాళం. పిల్లలు కట్టేటప్పుడే సవాట్ చెప్పి రెండు పక్కలా తలుపులు పెట్టించాడట. పుస్తకాలకి రక్షణ ఉందని చూపిస్తే మార్కులొస్తాయని వాళ్లూ సంతోషంగా పెట్టారట. నేను చెట్టు కింద కూర్చుని స్తంభాలు చూస్తున్నాను గాని తలుపులు చూడలేదు.

అవతలి తలుపు మీద దబదబ బాదుతున్న చప్పుడు.

"అక్కా! తియ్యవే! తడిసిపోతున్నా!"

"తాళం వేశారే!" అని గొంతు చించుకున్నాను.

"ఎవరికి?"

"పుస్తకాలకి!"

"అవెక్కడికి పోతాయే పాడు పుస్తకాలు, వాటికి కాళ్లున్నాయా!"

సవాట్ ఇంటికి వెళ్లి అడిగాను. ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్నాడు.

"తీస్తే పోతాయత్తా. గ్రంథాలయానికి తాళం ఉండాలి. మిగతా మూడింటికీ లేదూ?"

"వాటిలోంచి ఎవరూ అవతలికి వెళ్లక్కర్లేదు."

"ఇందులోంచి మాత్రం ఎందుకు వెళ్లాలి? ఇది వంతెనా?" అన్నాడు. అది నిజంగా తెలియకే అన్నాడు. అదే నన్ను చంపింది.

వాన వదల్లేదు. రోజూ వెళ్లి ఇవతలి తలుపు దగ్గర కూర్చునేదాన్ని. ఒకరోజు అవతలి నుంచి పిలుపు రాలేదు. రెండోరోజూ రాలేదు. గట్టు మీద నిలబడి గుడివైపు చూశాను. పొగ లేదు. అయినా వానలో పొగ కనపడుతుందా? మూడోరోజుకి బుప్ఫా దగ్గుతూ వచ్చింది, జ్వరం వచ్చిందట. ఆ దగ్గు తలుపుల మధ్య నుంచి, పుస్తకాలన్నీ దాటి నా దాకా వచ్చింది.

ఆ సాయంత్రమే ఖిమ్ ఫోన్ చేసింది. సంఘం పిల్ల వెళ్లాక ఫోన్ చేయడం నా ఎరుకలో అదే మొదలు.

"అమ్మమ్మా! ఎలా ఉన్నావు? మనది పోటీలో చివరి దశకి వెళ్లింది! వానకాలం అయ్యేలోపు జడ్జీలు ఏ రోజైనా చెప్పకుండా వస్తారు. ఎవరైనా చదువుతున్నారా?"

"లేదు."

అవతల గొంతు పడిపోయింది. "ఒక్కరు కూడానా?"

"చదివేవాళ్లు ఉన్నారు. అటో ముసలిది, ఇటో ముసలిది. తలుపులే తియ్యడంలేదు. మీ పెదనాన్న జడ్జీలకి తాళాన్నే చూపిస్తాట్ట."

"అయ్యబాబోయ్! ఉండు!" అని పెట్టేసింది. మా చెల్లెలి గురించి చెబుదామని ఇంకా నోరు తెరిచే ఉంచాను.

మర్నాడు పొద్దున్నే రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. సవాట్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇవతలి గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. జడ్జీలు ఎప్పుడొస్తారో తెలియదు గనుక రూలు పెట్టాడు: ఎవరు దాటినా చేతిలో పుస్తకం ఉండాలి. ఇటు తీసుకుని అటు పెట్టాలి.

ఆ వానకాలం మా రెండు ఊళ్లూ చదివినంతగా ఈ దేశంలో ఎవరూ చదివి ఉండరు. ఒకడు సంతకి పందిపిల్లని చంకన పెట్టుకుని, రెండో చంకలో లెక్కల పుస్తకంతో వెళ్లాడు. కూరగాయల ఆమె కావడికి ఒక వైపు వంకాయలు, ఒక వైపు నిఘంటువు. పురిటినొప్పులతో ఆసుపత్రికి వెళుతున్న పిల్ల చేతిలో కూడా సవాట్ సన్నటి బొమ్మల పుస్తకం ఒకటి పెట్టాడు. "బరువు లేనిదే ఇచ్చాను," అన్నాడు, మంచితనంగా.

జ్వరం తర్వాత ఓపిక చాలక బుప్ఫా మాత్రం దాటి రాదు. మధ్యదాకా వచ్చి అక్కడే చెక్కల మీద కూర్చుంటుంది. కింద నీళ్ల హోరు. నేను ఇటునుంచి వెళ్లి పక్కన చతికిలపడతాను. జిగురన్నం విప్పుకుని తింటాం. తర్వాత ఏదో ఒక పుస్తకం తీసి చెవిలో గట్టిగా చదువుతాను. ఒకసారి ఇద్దరన్నదమ్ములు ఓడరేవులో విడిపోయే కథ వచ్చింది. రేవు దాకా చదివి ఆపేశాను.

"ఏమైంది? చదువు," అంది.

"పేజీలు చిరిగిపోయాయి."

"అబద్ధం. బాగానే ఉన్నాయి. ఎవరైనా చస్తారా?"

"లేదు. ఓడ ఎక్కుతాడు."

"ఎక్కనీ. మళ్లీ దిగుతాడో లేదో చూద్దాం, చదువు."

చదివాను. దిగలేదు. ఆమె కాసేపు నీళ్లవైపు చూసి, "ఇలాంటివి ఎందుకు రాస్తారే," అంది.

చీకటి పడేముందు సవాట్ గొంతు సవరించుకుంటాడు. తాళం వేసే వేళ. ఆమె అటు లేస్తుంది, నేను ఇటు లేస్తాను. ఏడాదికి ఒక్కసారి విడిపోయేవాళ్లం, ఇప్పుడు రోజూ సాయంత్రం విడిపోతున్నాం. ఇదే కావాలని ఇంత చేశాను గదా అనుకుంటాను. అయినా ఆమె అవతలి గుమ్మం దాటే వరకు కాళ్లు కదలవు.

"అత్తా, తాళం వెయ్యాలి," అంటాడు సవాట్.

"ఉండవోయ్," అంటాను. అవతలి గట్టు మీంచి ఆమె దగ్గు వినపడాలి. వినపడ్డాక, నేనే తలుపు దగ్గరికి లాగుతాను.