ఎలుకలకు పనిచేసిన మందు

కెనడాలోని సస్కటూన్‌లో సువార్తరాజు ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ, టీనా యూనివర్సిటీలో ఆస్తమా మీద పరిశోధన చేస్తోంది. అలర్జీతో ఊపిరితిత్తులు వాచినప్పుడు అక్కడ పుట్టే ఘాటైన అణువులు కణాలను తుప్పులా తినేస్తాయి. వాటిని అణచే యాంటీఆక్సిడెంట్ ఇస్తే ఎలుకల్లో వాపు తగ్గింది. ఆ సంగతి ఒకసారి పై వాటాలో భోంచేస్తూ చెప్పింది. సువార్తరాజు దాన్ని పట్టుకున్నాడు.

ఆయన భార్య రూపవతిది పాత ఉబ్బసం. కోతల కాలంలో ధాన్యపు దుమ్ము లేచిందంటే రెండు పూటలా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాల్సిందే. "స్టెరాయిడ్ అంటే విషమే" అని ఆయన దాన్ని లాక్కుని, ఒక యాంటీఆక్సిడెంట్ మాత్రల డబ్బా చేతిలో పెట్టాడు. టీనాకు ఇదేమీ తెలియదు.

ఆదివారం చర్చికి బయల్దేరే వేళ పైన దబ్బున చప్పుడైంది. టీనా పరుగెత్తింది. రూపవతి గోడకు జారగిలబడి ఉంది. పెదాలు నీలమెక్కాయి.

"ఆంటీ ఇన్‌హేలర్ ఏది?"

"పారేశాను. యాంటీఆక్సిడెంట్ వేశాంగా, సర్దుకుంటుంది. నువ్వు కిందికి పో."

టీనా ఫోన్ తీసింది. ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "అంబులెన్స్ వస్తే వీధంతా చూస్తారు!"

"వదలండి!" ఆమె విదిలించుకుని 911 నొక్కింది.

ఆసుపత్రిలో ఎమర్జెన్సీ గది బయట ఆయన మీదికొచ్చాడు. "నువ్వు చెప్పబట్టేగా ఇదంతా!"

"నేను చెప్పింది ఎలుకల సంగతి. మనుషుల్లో ఆ మాత్రలు అంతగా పనిచేయలేదు. అడిగుంటే చెప్పేదాన్ని. అసలు ఇన్‌హేలర్ మానమని ఎవరన్నారు మీకు?"

"నోరు మూసుకో. రేపే ఇల్లు ఖాళీ చెయ్."

టీనాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది.

కాస్త ఊపిరి అందాక డాక్టర్ రూపవతిని మందు ఎందుకు ఆపారని అడిగింది. మర్చిపోయిందని భర్త ఇంగ్లీషులో చెప్పాడు. రూపవతి మాస్కు పక్కకు లాగి, "నో. హి టుక్ ఇట్" అంది. బయట ఆయన వేసిన కేకలు ఆమెకు లోపలికి వినిపించాయి. టీనా వైపు తిరిగింది. "నువ్వెక్కడికీ పోనక్కర్లేదమ్మా. ఇల్లు నా పేరున కూడా ఉంది."

సువార్తరాజు ముఖం నల్లబడింది. బయటికి నడిచాడు.

తర్వాత ఆయన టీనాతో మాట్లాడలేదు. బేస్‌మెంట్ పిల్ల తన సంసారంలో నిప్పు పెట్టిందని చర్చిలో చాటాడు. రూపవతి మాత్రం అడిగినవాళ్లకల్లా జరిగింది జరిగినట్టు చెప్పింది, ఆయన పక్కనే కూర్చుని ఉండగా.