ఎదురు వాలిన కుట్లు

మా ఆయన ప్యాంటు కింది మడత ఎవరో కుట్టారు. నేను మాత్రం కాదు.

ముప్పై ఏళ్లుగా ఇద్దరం ఒకే టైలరింగ్ షాపు నడుపుతున్నాం. కటింగ్ ఆయనది, కుట్టు నాది. నా కుట్టు నాకు తెలియదా? నిన్న కొండదారిలో ముళ్లకంప పట్టి ఊడిన మడత, ఇవాళ సముద్రం ఒడ్డున నడిచి వచ్చేసరికి కుట్టి ఉంది. కుట్లన్నీ నావాటికి ఎదురు వాలాయి. అంటే కుట్టింది ఎడమచేతివాటం మనిషి.

మేం దిగిన లాడ్జి ఓనరమ్మ మొదటిరోజు రిజిస్టర్‌లో మా వివరాలు ఎడమచేత్తోనే రాసుకుంది.

అసలు ఈ ప్రయాణమే నాకు అనుమానం. ఒక్కరోజు షాపు మూయమంటే మూయని పెద్దమనిషి, ఉన్నట్టుండి పదిరోజులు సముద్రపు గాలి పీల్చుకుందామన్నారు. తీరా వచ్చాక, "నీకు మోకాళ్ల నొప్పులు కదా, రెస్ట్ తీసుకో" అని ప్రేమ ఒలకబోసి, రోజూ ఒంటరిగా నడకకు వెళ్లిపోతున్నారు. కుడిచెయ్యేమో ఎప్పుడు చూసినా జేబులోనే. ఏం దాస్తున్నారో!

"ఎవరు కుట్టారండీ ఆ మడత?" అన్నాను.

"ఏ మడత?" అన్నారు, కిందికి చూడకుండానే. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున్న ఆయన వెనకే బయలుదేరాను. ఓనరమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. మోకాళ్లు గోలపెడుతున్నా కొండదారి ఎక్కి, చెట్ల మధ్యనుంచి అటువైపు ఇసుకలోకి దిగాను.

ఆయన ఒక్కరే రాతిమీద కూర్చుని ఉన్నారు. పాత గుడ్డముక్కని మోకాలి కింద తొక్కిపెట్టి, ఎడమచేత్తో కుడుతున్నారు. కుడిచెయ్యి పక్కన ఊరికే వణుకుతోంది.

ఇంకో ఆడది లేదని తెలిసిపోయింది. ఉన్నా బాగుండేదనిపించింది. దాన్నయితే జుట్టు పట్టుకుని తరిమేసేదాన్ని.

నన్ను చూసి గుడ్డ దాచబోయారు.

"ఎన్నాళ్లనుంచి?"

"ఆర్నెల్లయింది. కత్తెర పట్టలేకపోతున్నా. డాక్టరు ఇక తగ్గదన్నాడు. ఎడమచేత్తో కుట్టడమైనా షాపులో నేర్చుకుందామంటే నువ్వు చూస్తావుగా."

అందుకేనన్నమాట, ఈమధ్య కటింగంతా పనివాళ్లకే అప్పజెప్పడం. నేనది ఒళ్లుబద్ధకం అనుకుని ఎన్ని మాటలన్నానో.

పక్కన కూర్చున్నాను. గుడ్డ లాక్కుని చూశాను.

"దారం మరీ బిగించేస్తున్నారు. చూడండి, ఎలా ముడతలు పడిందో. విప్పి మళ్లీ కుట్టండి."

గుడ్డ జారిపోకుండా రెండో కొస నేను పట్టుకున్నాను.