పుత్తూరు కట్టు

పాలకేంద్రం దగ్గర క్యాను దించుతుంటే వెంకటముని మళ్లీ అదే అడిగినాడు.

"ఏమప్పా మునిరామయ్యా, మీయన్నకి కట్టు ఇప్పలేదా ఇంకా? ఇరిగిన కాలు కడతా ఉండారా, కొత్త కాలు మొలిపిస్తా ఉండారా ఆడ?"

పక్కనున్నోళ్లు నవ్వినారు. మునిరామయ్య కూడా నవ్వినాడు. "ముదురెముక కదప్పా" అని ఖాళీ క్యాను తీసుకొని బండెక్కినాడు.

మొదట ఎవరో "మీయన్న కనపడడేందప్పా" అన్నప్పుడు నోటికొచ్చిన మాట అది: "కట్టులో ఉండాడు." అందులో అబద్ధమేమీ లేదు. ఆ అడిగినాయనే పుత్తూరు అనుకున్నాడు. ఎముక విరిగితే ఈ పక్క జనమంతా పోయేది ఆడికే కదా. "కాలా, చెయ్యా?" అన్నాడు. "కాలు" అన్నాడు మునిరామయ్య. అబద్ధం అక్కడ మొదలైంది.

అన్న యోగానంద కాలు మామిడితోట కొట్టంలో గుంజకి కట్టి ఉంది, ఎనుముని కట్టే పలుపుతో.

అన్నకి మతి నిలకడ తప్పి చాన్నాళ్లయింది. బైపాసులో నిలబడి లారీలకి చేతులు అడ్డం పెట్టేవాడు. లారీ కింద పడతాడనే కట్టినానని మునిరామయ్య తనకు తాను చెప్పుకుంటాడు. అయితే రోడ్డు మీంచి లాక్కొచ్చిన రోజు కట్టలేదు. బంధువుల పెండ్లిలో యోగానంద పంచె ఊడదీసి భుజానేసుకొని, పంక్తిలో అందరికీ నీళ్లు పోస్తా తిరిగినాడు. దాని మరుసటి పొద్దున కట్టినాడు. ఆ తేడా పెండ్లాం దేవకమ్మకీ తెలుసు. పొద్దూ మాపూ సంగటి క్యారేజీ చేతికిచ్చి కొట్టానికి పంపిస్తుంది.

ఆదివారం కూతురు ధరణి తిరుపతి నుంచి వచ్చింది. ఆడ నర్సింగు చదువుతోంది. మానసిక ఆరోగ్యం మీద కాలేజీలో సభ ఉందట, పాతకాలపు అమెరికా డాక్టరొకాయన జీవితం ఈమె చెప్పాలట. వసారాలో చెనక్కాయలు వలుస్తున్న తండ్రి ముందర నిలబడి చెప్పి చూసుకుంటోంది.

"బెంజమిన్ రష్ అని, నాయనా. మా దేశం మాదే అని వాళ్లు రాసుకున్న కాగితం మీద సంతకం పెట్టినోళ్లలో ఒకడు. సారాయి తాగొద్దని చెప్పినాడు. మనుషుల్ని బానిసలుగా కొనగూడదని రాసినాడు. రాసినాయన ఇంట్లోనే ఒక బానిస ఉండేవాడంట."

"అట్లాటోళ్లు ఈడా ఉండార్లే" అంది దేవకమ్మ వంటింట్లోంచి.

ధరణి నవ్వి ముందుకు పోయింది. "మతి తప్పినోళ్లని అప్పుడు ఆస్పత్రి నేలమాళిగలో గొలుసులేసి పెడతా ఉండిరి. చలికి నిప్పు కూడా లేదు. ఇది జబ్బు, వీళ్లకి మంచి గదులియ్యండి, ఏదన్నా పని చెప్పండి, ప్రేమగా మాట్లాడండి అని కొట్లాడినాడు."

చెనక్కాయ చితికే చప్పుడు ఆగింది.

"అయితే ఆయప్ప ఎవురినీ కట్టనే లేదా?"

"కట్టినాడు. ఒక కుర్చీ చేయించినాడు. చేతులకీ కాళ్లకీ వార్లు, తలకి చెక్కపెట్టె. కదలకుండా ఉంటే మనసు కుదురుకుంటుంది అనుకున్నాడు. అది తప్పంటారు ఇప్పుడు."

మునిరామయ్యకి ఇన్నాళ్లకి ఒక తోడు దొరికినట్లయింది. "అంత చదివినాయనే కట్టినాడంట, ఇన్నావా" అన్నాడు వంటింటి పక్క తిరిగి, కొంచెం గట్టిగానే.

వంటింట్లో దేవకమ్మ క్యారేజీ మూత గట్టిగా నొక్కింది.

"దాచిపెట్టుకోలేదులే నాయనా" అంది ధరణి. "ఆ కుర్చీ బొమ్మ పత్రికలో అచ్చేయించినాడు. ఆయన పెద్దకొడుక్కే మతి తప్పింది. ఇంట్లో పెట్టి తలుపేసుకోలేదు. నలుగురికీ తెలిసేటట్లు తాను పనిచేసే ఆస్పత్రిలోనే చేర్పించినాడు."

"బాగయినాడా?"

"లేదు. ఆడనే ముసిలోడై పొయినాడు."

మునిరామయ్య చేటలో చెయ్యి పెట్టి తడిమినాడు. పొట్టు తప్ప ఏమీ తగల్లేదు.

"ఇది చదవతా ఉంటే పెదనాయనే గుర్తొస్తా ఉండాడు" అంది ధరణి. "రేపు పోతా పోతా పుత్తూరులో దిగి చూసిపోతా. ఎవురి దగ్గర చేర్చినావు?"

ఏదో ఒక పేరు నోటిదాకా వచ్చింది. చెప్పేసేవాడే. దేవకమ్మ క్యారేజీ తెచ్చి తండ్రీకూతుళ్ల మధ్యలో పెట్టి, పోకుండా ఆడనే నిలబడుకుంది.

"పుత్తూరులో లేడు" అన్నాడు మునిరామయ్య. "బండెక్కు."

కొట్టంలో యోగానంద గుంజకి ఆనుకొని కూర్చోనున్నాడు. కట్టిన కాలు మడత పెట్టిన గోనెసంచి మీద చాపి ఉంది. రోజూ చూసేదే. కూతురు పక్కనుంటే కొత్తగా కనపడింది. చీలమండ చుట్టూ తోలు లేచిపోయి ఉంది. ధరణి వంగి ముడి పట్టుకుంది, అది రాలేదు.

"నువ్వే ఇప్పు నాయనా."

పశువులు తెంపుకోలేని ముడి అది. ఇప్పేదానికి మునిరామయ్యకే చాలాసేపు పట్టింది.

"డాక్టరు ఇప్పమన్నాడా?" అని అడిగినాడు యోగానంద.

"ఏ డాక్టరు పెదనాయనా?"

"దావన పోయేటోళ్లు చెప్పుకుంటా ఉన్న్యారు, నాకు కాలిరిగిందంట. అందుకే కదిలించకుండా పెట్టుకోనుండా. నొప్పయితే లేదు మ్మే."

ధరణి మొగం తిప్పుకుంది. తోటలో ఎక్కడో చిలకలు కొట్టుకుంటున్నాయి.

"కాలు ఇరగలేదన్నా" అన్నాడు మునిరామయ్య. "నేనే కట్టినా. నలుగురూ నవ్వినారని."

యోగానంద కాలివేళ్లు ఆడించి చూసుకున్నాడు. "సంగటిలోకి ఏం చేసింది దేవకమ్మ?" అని అడిగినాడు.

తిన్నాక ఇద్దరూ చెరోపక్క పట్టుకొని లేపినారు. నడుస్తున్నాడుగానీ ఆ కాలు నేలకి గట్టిగా ఆనించడం లేదు. ఇరిగిన కాలే అన్నట్లు కుంటుతున్నాడు.

"మా ఆస్పత్రికే తీసకపోదాం నాయనా" అంది ధరణి. "తొలిబస్సుకి పోతే ఊర్లో ఎవురూ చూడరు."

మునిరామయ్య అన్న చంక కింద చెయ్యి సర్దుకున్నాడు. పది అడుగులేసినాక ఆగినాడు.

"తొలిబస్సు వద్దు" అన్నాడు. "పాలు పోసి అందరూ పాలకేంద్రం దగ్గర నిలబడుకోని ఉంటారు చూడు, అప్పుడు పోదాం."