కొంగున కట్టిన బ్రేకు

కుళాయి రాగానే సీతాఫల్‌మండిలోని ఆ సందు ఆడవాళ్ళు బిందెలతో పాటు మరిచిపోకూడని సంగతులు కూడా గవరమ్మ గుమ్మం దగ్గరికి పట్టుకొచ్చేవారు. శారదమ్మకు బీపీ మాత్ర, కల్పలతకు గ్యాసు బుక్ చెయ్యడం, కాంతమణికి ఆడపడుచు పెళ్ళిరోజు. గవరమ్మ ఒక్కోదానికి కొంగున ఒక్కో ముడి వేసేది. ఆవిడ ముడి వేసిందంటే ఆ సంగతిని చెప్పినవాళ్ళు ఇక మరిచిపోరు. చీర మార్చుకుంటే ముడులన్నీ వాటంతటవే కొత్త కొంగుకు మారి కూర్చునేవి.

వాటిలో తన సొంత ముడి ఒక్కటే. నిరుడు మోండా మార్కెట్‌లో వంకాయలు కొని, సంచీతో నిలబడితే ఇల్లు ఎటో తెలియలేదు. ఎలాగో గుర్తొచ్చి ఇల్లు చేరాక, కొడుకు పైడిబాబుకు కూడా చెప్పకుండా ఇంటిదారిని కొంగున కట్టుకుంది.

పైడిబాబు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి వ్యాను తిప్పేవాడు. ఆ వానాకాలం వ్యానులో బ్రేకుల తాలూకు ఏబీఎస్ దీపం పసుప్పచ్చగా వెలిగి, ఇక ఆరలేదు. రెజిమెంటల్ బజార్ నుంచి మెకానిక్ కిషన్ వచ్చి వైరు తగిలించి చూశాడు.

"బ్రేకు మాడ్యూల్ పెట్టె ఖతం అన్నా. కొత్తది చెన్నై నుంచి రావాలె. వారం పడ్తది."

"వారం బండి ఆపితే ఈ ట్రిప్పు ఇంకోడికి ఇచ్చెస్తారు. బ్రేకులు పడతన్నాయి కదేటి?"

"పడ్తయి. కానీ వానల గట్టిగ తొక్కినవంటే చక్రాలు బిగుసుకపోతయి. నువ్వు స్టీరింగ్ ఎటు తిప్పినా బండి దానిష్టమొచ్చినకాడికి జారుతది. జెర పైలం."

గడపలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న గవరమ్మ తలెత్తింది.

"ఆ పెట్టికి ఏటి గుర్తుండాల బాబూ?"

"పట్టాలె, వదలాలె, మళ్ల పట్టాలె పెద్దమ్మా. రెప్ప కొట్టేలోపల మస్తుసార్లు."

"ఓస్, ఇంతేనా! ఉయ్యాల ఊపినట్టే కదా."

కొంగు చూసుకుంది. ఇంకో ముడికి చోటు లేదు. ఉన్నవన్నీ పరాయి వాళ్ళవి. విప్పితే శారదమ్మ మాత్ర వేసుకోదు. ఇన్నేళ్ళు నడిచిన దారి, ఆమాత్రం కాళ్ళకు తెలియదా అనుకుని తన ముడి విప్పేసింది. ఆ చోట బ్రేకును కట్టింది.

"ఏ ముడి ఇప్పేవే అమ్మా?" అన్నాడు పైడిబాబు.

"పనికిమాలిందిలే. నువ్వెల్లు."

"జాగా ఉంటే నాకూ ఒకటి వెయ్యి పెద్దమ్మా," అన్నాడు కిషన్ సామాను సర్దుకుంటూ. "టిఫిన్ డబ్బా రోజూ షాపులనే మర్చిపోతున్న. ఇంట్ల జంగ్ అయితున్నది."

రెండు మూడు రోజులు బాగానే గడిచాయి. ఆ తర్వాతొక మధ్యాహ్నం పైడిబాబు షిఫ్టుకు వెళ్ళేవాళ్ళను ఎక్కించుకుని చిలకలగూడ మీదుగా వస్తున్నాడు. కుండపోత వాన. ఎవరో ముసలావిడ గొడుగు లేకుండా ఉన్నట్టుండి రోడ్డు మధ్యకు వచ్చి నిలబడిపోయింది. కిషన్ చెప్పినదంతా మరిచిపోయి పైడిబాబు పెడలును నేలకు తొక్కేశాడు.

వ్యాను జారలేదు. కాలి కింద పెడలు, ఎవరో ఉయ్యాల ఊపుతున్నట్టు, పడుతూ వదులుతూ కొట్టుకుంది. వ్యాను తిన్నగా వచ్చి, ముసలావిడ కూరగాయల సంచీకి బంపరు ఆనీ ఆనకుండా ఆగింది.

గవరమ్మ.

పైడిబాబు వానలోకి దూకాడు. "అమ్మా! నడిరోడ్డు మీద ఏటి సేస్తన్నావే?"

"ఇల్లెటో సూసుకుంతన్నాను," అంది. "బండి ఆగింది కదేటి? మరెందుకా అరుపులు?"

కొంగున కొత్త ముడి ఇంకా బిగుస్తూ, వదులవుతూ ఉంది. విప్పేసిన పనికిమాలిన ముడి ఏదో పైడిబాబుకు అప్పుడు తెలిసింది.

వెనక సీటులోంచి ఒకమ్మాయి తలుపు తీసి, "ఎక్కండమ్మమ్మా, మాకింకా టైముంది," అని అబద్ధమాడింది.

ఇంటి దగ్గర దింపుతూ పైడిబాబు భుజం మీది తువ్వాలు తీసి, తడి కొసన ముడి వేయబోయాడు.

"ఏటిరా అది?"

"నీ ఇంటిదారి. నా దగ్గరుంచుతాను."

గవరమ్మ వాడి చేతులకేసి చూసింది. "అలాక్కాదురా ఎర్రోడా. కొసని లోపల్నించి తియ్యాల. ఆఁ, ఇప్పుడు లాగు."

మర్నాడు వాన వెలిసింది. పైడిబాబు ఆ తువ్వాలును బకెట్లో నానేసి, ఉతికిన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. ముడి దాని కొసకు మారి కూర్చుని ఉంది.

గవరమ్మ సంచీ తీసుకుని మోండా మార్కెట్‌కు బయల్దేరింది.